విండోస్ 10 నుంచి లైనక్స్ మింట్‌కి మారాను: మొదటి వారం అనుభవాలు

పలక_బలపం
కోనసీమ | ఆదివారం రాత్రి 9:15

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. కంప్యూటర్ అవసరం కొద్దీ నేర్చుకున్నదే. 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఇప్పటికీ వాడుతున్నాను. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. తొమ్మిదేళ్లుగా నేను తయారుచేసిన ప్రశ్నపత్రాలు, వ్యాకరణం నోట్సు, పిల్లలు రాసిన కవితలు అన్నీ అందులోనే ఉన్నాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది కదా. విండోస్ 11 ఎక్కుతుందేమోనని వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ పెట్టి చూశాను. కుదరదని తేల్చేసింది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలట. టౌన్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే, "దీన్ని పాత సామాన్లకి వేసేయండి మాస్టారూ, కొత్తది తీసుకోండి" అన్నారు. నాకు చాలా బాధేసింది. కీబోర్డు బాగుంది, స్క్రీన్ బాగుంది, మరక కూడా లేదు. పని చేసే వస్తువుని ఎందుకు పారేయాలి?

మా స్కూల్లో చదువుకుని ఇప్పుడు ఇంజనీరింగ్ చేస్తున్న కుర్రాడొకడు విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోమన్నాడు. ముందు రెండు పనులు చేయించాను. హార్డ్ డిస్క్ తీయించి దానికన్నా వేగంగా పనిచేసే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించాను, ఇంకో 4 జీబీ ర్యామ్ కలిపించాను. తర్వాత మింట్ 22.2 సినమన్ ఎడిషన్ ఇన్‌స్టాల్ ఫైల్ (ఐఎస్ఓ) దించుకుని, పెన్‌డ్రైవ్‌లోకి రాసి, దాంతోనే బూట్ చేశాను. ఇన్‌స్టాల్ చేయకుండానే మొత్తం వాడి చూడొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. రెండు రోజులు పెన్‌డ్రైవ్ మీదే నడిపి, నమ్మకం కుదిరాకే ఇన్‌స్టాల్ నొక్కాను. పాత డిస్క్‌ని ఒక కేస్‌లో పెట్టి బీరువాలో దాచాను. అది ఉందనే ధైర్యంతోనే ముందుకెళ్లాను.

ఇక మొదటి అభిప్రాయాలు. మెనూ కింద ఎడమ మూల ఉంది, గడియారం కుడి మూల ఉంది. చెయ్యి దానంతట అదే అక్కడికి వెళ్లింది. విండోస్ 7 వాడినవాళ్లెవరికీ ఇది పరాయి ఇల్లులా అనిపించదు. వేగం సంగతి చెప్పాలంటే, స్విచ్ నొక్కాక డెస్క్‌టాప్ రావడానికి ఇదివరకు మూడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు అర నిమిషం లోపే వస్తోంది. ఇందులో ఎస్‌ఎస్‌డీ వాటా ఎంతో, మింట్ వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఎక్కువ వాటా ఎస్‌ఎస్‌డీదే అయ్యుండాలి.

అప్‌డేట్ల పద్ధతి నాకు బాగా నచ్చింది. కింద చిన్న డాలు గుర్తు ఉంటుంది. అప్‌డేట్ ఉంటే చుక్క పెడుతుంది, అంతే. మనం చెబితేనే మొదలవుతుంది. క్లాసు మధ్యలో ప్రొజెక్టర్ మీద నీలం తెర పడి, "దయచేసి ఆపవద్దు" అని నలభై మంది పిల్లల ముందు నిలబెట్టే పరిస్థితి తప్పింది.

ఒక్క అడ్డంకి వచ్చింది. ఇన్‌స్టాల్ అయ్యాక వైఫై కనిపించలేదు. నెట్ లేకుండా వైఫైని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము ఎలా దించాలో తెలియక రాత్రి పదకొండు దాకా టెన్షన్ పడ్డాను. చివరికి ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది. డ్రైవర్ మేనేజర్ తెరవగానే కావలసిన డ్రైవర్ అదే చూపించింది. మళ్లీ స్టార్ట్ చేస్తే వైఫై వచ్చేసింది. మారాలనుకునేవాళ్లు ఫోన్ కేబుల్ దగ్గర పెట్టుకోండి.

అసలు సంగతి తెలుగు టైపింగ్. అది ఇంకా పూర్తిగా దారికి రాలేదు. రేపు వివరంగా రాస్తాను. ఈలోగా మీరెవరైనా మారి ఉంటే మీ అనుభవాలు చెప్పండి.


నల్లమల_నీడ
కర్నూలు | ఆదివారం రాత్రి 10:02

సార్, శుభాకాంక్షలు. ముందు పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడడం, పాత డిస్క్ దాచడం, మీరు చేసిన ఈ రెండు పనులూ మా కాలేజీలో సగం మంది చేయరు.

వైఫై సంగతి నిజమే. కొన్ని చిప్‌లకి కంపెనీవాళ్లే డ్రైవర్ విడిగా ఇస్తారు, అది దానంతట అదే ఎక్కదు. యూఎస్‌బీ టెథరింగే సులువైన దారి.

ఒక పని ఇవాళే చేయండి. మెనూలో టైమ్‌షిఫ్ట్ అని ఉంటుంది. అది తెరిచి ఇప్పుడున్న స్థితిని ఒకసారి సేవ్ చేసుకోండి. రేపు ఏ అప్‌డేట్ వల్లనైనా తేడా వస్తే సిస్టమ్‌ని ఇవాళ్టి స్థితికి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ అది సిస్టమ్ ఫైళ్ల కోసమే సార్. మీ ప్రశ్నపత్రాల కాపీ విడిగా వేరే డిస్క్‌లో ఉండాల్సిందే. మింట్ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి కాబట్టి అప్పటిదాకా నిశ్చింత.


వరంగల్_వాకిలి
వరంగల్ | సోమవారం ఉదయం 7:40

మాస్టారు రాసింది చదివి సంతోషమైంది. నేను అటు కాకుండా విండోస్ 11 వైపు వెళ్లిన. నాకు వేరే దారి లేదు. నాది అకౌంట్స్ పని. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తది. క్లయింట్ల డిజిటల్ సంతకం టోకెన్లు యూఎస్‌బీకి పెట్టి జీఎస్‌టీ, ఇన్‌కమ్ టాక్స్ ఫైలింగ్ చేస్తం. అవి ఒక్కరోజు ఆగినా లేట్ ఫీజు పడేది క్లయింటుకి. అందుకే దసరా ముందే కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్న.

విండోస్ 11 పెట్టెలోంచి తీసి ఆన్ చేయగానే నెట్ అడిగింది, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగింది. పాస్‌వర్డ్ ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే ఆ పని అరగంటలో అయిపోతది. డెస్క్‌టాప్ వచ్చినంక స్టార్ట్ బటన్ నడిమిట్ల ఉంది. నా చెయ్యి మాత్రం మూలకే పోతున్నది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అందులో అలైన్‌మెంట్ ఎడమకి పెట్టిన తర్వాత ప్రాణం కుదుటపడ్డది. నేను పదేళ్లు టాస్క్‌బార్‌ని నిలువుగా ఎడమ పక్కన పెట్టుకున్నోణ్ని. పొడుగు లెడ్జర్లు చూసేటోళ్లకి అట్లా ఉంటే రెండు లైన్లు ఎక్కువ కనిపిస్తయి. నేను తీసుకున్నప్పుడు ఇందులో ఆ వీలు లేదు, కిందనే ఉండాలె. దానికి అలవాటు పడుతున్న.

ఇంకో కొత్త అలవాటు రైట్ క్లిక్. పొట్టి మెనూ వస్తది, పాత పెద్ద మెనూ కావాలంటే "షో మోర్ ఆప్షన్స్" నొక్కాలె. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే నేరుగా పెద్ద మెనూనే వస్తది. నాలుగు రోజులకి ఇది దొరికింది నాకు, మీకు మొదటి రోజే ఉపయోగపడాలని రాస్తున్న.

మంచి సంగతి కూడా చెప్పాలె. విండోస్ కీ, జెడ్ కలిపి నొక్కితే తెరని ఎట్లా పంచాలో బొమ్మలు చూపిస్తది. ఎడమ సగంలో ట్యాలీ, కుడి పైన బ్యాంక్ స్టేట్‌మెంట్, కుడి కింద కాలిక్యులేటర్ పెట్టి రోజంతా అట్లనే పని చేస్తున్న. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబ్‌లు వచ్చినయి. ఒక్కో క్లయింట్ ఫోల్డర్ ఒక్కో ట్యాబ్. ఈ రెండిటికే నా పని మస్తు తేలికైంది.

పాత ల్యాప్‌టాప్ ఇంట్ల ఉంది. మాస్టారి పోస్టు చూసి దానిలో విండోస్ ఉంచుకుంటూనే మింట్ కూడా పెట్టి చూద్దామనిపిస్తున్నది.


పలక_బలపం
కోనసీమ | సోమవారం రాత్రి 8:30

మాట ఇచ్చినట్టు తెలుగు సంగతి రాస్తున్నాను. కొంచెం పెద్దదే.

నేను ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో టైప్ చేస్తాను. ఎడమ చేతి కింద గుణింతాలు, కుడి చేతి కింద హల్లులు. అలవాటైతే కీబోర్డు వైపు చూడక్కర్లేదు. ఇంగ్లీషులో రాసి తెలుగులోకి మార్చే పద్ధతి నాకు సరిపడదు. అక్షరం ఆలోచించి అక్షరమే నొక్కాలి. పిల్లలకి కూడా అదే నేర్పుతున్నాను.

మింట్‌లో కీబోర్డు సెట్టింగ్స్ తెరిచి, లేఅవుట్స్‌లో ఇండియా కింద ఉన్న తెలుగు కలిపాను. వేరే సాఫ్ట్‌వేర్ ఏమీ దించలేదు. ఎడిటర్ తెరిచి, కళ్లు మూసుకుని, విండోస్‌లో నొక్కినట్టే ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ నొక్కాను. కళ్లు తెరిస్తే "తెలుగు" అని ఉంది. ఆ మూడు అక్షరాలు సరిగ్గా పడ్డ క్షణంలోనే ఈ కంప్యూటర్ నాదనిపించింది. ఇన్‌స్క్రిప్ట్ మన ప్రభుత్వం ఖరారు చేసిన ప్రమాణం కాబట్టి ఏ సిస్టమ్‌కి వెళ్లినా వేళ్లకి అదే చోటు దొరుకుతుంది. ఈ విలువ మారిన రోజునే తెలిసొచ్చింది.

ఇక ఇబ్బందులు రెండు.

మొదటిది. "ల్యాప్‌టాప్‌లో" అని రాయబోతే "ల్యాప్టాప్లో" అని వస్తోంది. ప కింద ట వత్తు, మళ్లీ ప కింద ల వత్తు పడుతున్నాయి. రెండు హల్లులు అతుక్కోకుండా మధ్యలో పెట్టే కనపడని గుర్తు ఉంటుంది కదా, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది ఇక్కడ ఏ కీ మీద ఉందో తెలియడం లేదు. చూసేవాళ్లకి చిన్న విషయంలా ఉంటుంది. కానీ తెలుగు మాస్టారు ఇచ్చిన ప్రశ్నపత్రంలో "బస్‌లో" అనేది "బస్లో" అని ఉంటే పిల్లవాడు అలాగే నేర్చుకుంటాడు.

రెండోది. అర్ధ సంవత్సర పరీక్ష పేపరు విండోస్‌లో సరిగ్గా రెండు పేజీలు. మింట్‌లో వర్డ్ బదులు వాడే లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే మూడో పేజీలోకి నాలుగు లైన్లు జారాయి. "కింది పద్యానికి ప్రతిపదార్థం రాయండి" అన్న ప్రశ్న రెండో పేజీ చివర, పద్యం మూడో పేజీ మొదట. నాలుగు లైన్ల కోసం రెండు వందల మందికి ఇంకో కాగితం చొప్పున జెరాక్స్ తీయించలేను. దీనికి కారణం ఎవరైనా చెప్పగలరా?


నల్లమల_నీడ
కర్నూలు | సోమవారం రాత్రి 9:05

రెండిటికీ మందు ఉంది సార్.

మొదటిది: అదే కీబోర్డు లేఅవుట్స్ పేజీలో ఆప్షన్స్ బటన్ ఉంటుంది. అందులో స్పేస్ కీతో నాన్ బ్రేకింగ్ స్పేస్ టైప్ చేయడం గురించిన భాగం తెరవండి. "జీరో విడ్త్ నాన్ జాయినర్ ఎట్ ద సెకండ్ లెవెల్" అని ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకోండి. ఇక షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే ఆ గుర్తు పడుతుంది. ప, పొల్లు, షిఫ్ట్ స్పేస్, ల, ఓత్వం. వత్తు పడదు.

రెండోది: మీ పేపర్లు గౌతమి ఫాంట్‌లో చేసి ఉంటారు. అది మైక్రోసాఫ్ట్ ఫాంట్, విండోస్‌తోనే వస్తుంది, మింట్‌లో ఉండదు. దాని బదులు వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. తెలుగులో కింద వత్తులకి, పైన గుడులకి ఒక్కో ఫాంట్ ఒక్కోలా చోటు వదులుతుంది కాబట్టి లైన్ల మధ్య దూరం మారిపోతుంది. లైనుకి ఒక వెంట్రుకవాసి పెరిగినా రెండు పేజీలకి నాలుగు లైన్లు జారతాయి. రెండు చోట్లా పెట్టుకోగల ఉచిత ఫాంట్ ఒకటి ఎంచుకోండి. మండలి, సూరన్న, గురజాడ, ఎన్‌టీఆర్, నోటో తెలుగు ఇలా చాలా ఉన్నాయి. స్కూల్లో విండోస్ కంప్యూటర్‌లో కూడా అదే వేయండి. ఇక పేపరు ఎక్కడ తెరిచినా పేజీలు పెద్దగా కదలవు.

ఇంకోటి గమనించండి. లిబ్రే ఆఫీస్ తెలుగుని కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద లెక్కేస్తుంది. ఇంగ్లీషుకి వేరే ఫాంట్, తెలుగుకి వేరే ఫాంట్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. డీఫాల్ట్ ఫాంట్ మార్చినా తెలుగు మారలేదంటే కారణం ఇదే. ఆప్షన్స్‌లో భాషల దగ్గర ఆ కాంప్లెక్స్ టెక్స్ట్ గడి ఆన్‌లో ఉంచి, అక్కడ తెలుగు అని పెట్టండి.


అక్షరాల_అంగడి
గుంటూరు | మంగళవారం మధ్యాహ్నం 2:10

నాది డీటీపీ షాపు. పద్దెనిమిదేళ్లుగా మేటర్ కొడుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాల కంపోజింగ్ మా పని. ఈ చర్చలో మా గోడు కూడా ఉండాలని రాస్తున్నాను.

మా షాపుల్లో ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, అను అనే తెలుగు ఫాంట్లే నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. అయినా రచయితలు, ప్రెస్సులవాళ్లు ఆ ఫైలే అడుగుతారు. అను ఫాంట్‌లో మేటర్ అంటే అసలు అది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టింది. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కలగలిసి కనిపిస్తాయి. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి అక్షరానికీ దాని సొంత సంఖ్య ఉంటుంది.

నా మనసులో ఉన్న భయం ఇది. ఒక పెద్దాయన రాసిన ఆరు వందల పేజీల స్థల చరిత్ర 2009లో నేనే కంపోజ్ చేశాను. ఆయన ఇప్పుడు లేరు. ఆ పుస్తకం మళ్లీ వేయాలని వాళ్ల అమ్మాయి వచ్చింది. ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది. కానీ అది తెరుచుకోవడానికి ఒక పాత కంప్యూటర్, పాత ప్రోగ్రాము, పాత ఫాంటు మూడూ బతికుండాలి. ఆపరేటింగ్ సిస్టమ్ మారుస్తున్నారని వినగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఫైలే.

నిన్న మాస్టారు రాసింది చూసి, ధైర్యం చేసి పెన్‌డ్రైవ్ మీద మింట్ నడిపించాను. నేను టైప్ చేసేది ఆపిల్ అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో. ఇన్‌స్క్రిప్ట్ నాకు రాదు, ఈ వయసులో వేళ్లు మార్చుకోలేను. లైనక్స్‌లో మా ఆపిల్ పద్ధతి ఉంటుందా తమ్ముడూ? పేజ్‌మేకర్ ఫైలు కనీసం తెరిచి చూసే మార్గం ఏదైనా ఉందా?


నల్లమల_నీడ
కర్నూలు | మంగళవారం సాయంత్రం 6:45

ఉంది అక్కా. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ వెతికి వేసుకోండి. తర్వాత ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్‌లో ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లోపలికి రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆపిల్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, ఇన్‌స్క్రిప్ట్ కనిపిస్తాయి. ఆపిల్ ఎంచుకోండి. వచ్చేది యూనికోడ్ తెలుగు. లేఖిని సైట్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవాళ్లకి ఆర్‌టీఎస్ చేతికి దగ్గరగా ఉంటుంది.

పేజ్‌మేకర్ ఫైళ్లని లిబ్రే ఆఫీస్ డ్రా తెరుస్తుంది. 4.4 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం ఉంది. అను ఫాంట్ ఫైలు మీ దగ్గర లైసెన్సుతో ఉంటే దాన్ని మింట్‌లో కూడా ఇన్‌స్టాల్ చేసి చూడండి, అక్షరాలు కనిపించాలి. అయితే అక్కా, లేఅవుట్ ఉన్నది ఉన్నట్టు వస్తుందని నేను మాట ఇవ్వను. పెట్టెలు కదలొచ్చు, పేజీ నంబర్లు జరగొచ్చు. ప్రెస్‌కి పంపడానికి దాన్ని నమ్ముకోవద్దు. లోపల ఉన్న మేటర్ బయటికి తీయడానికి మాత్రం పనికొస్తుంది.

ఆ ఆరు వందల పేజీల గురించి నా మాట వినండి. పాత కంప్యూటర్ నడుస్తున్నప్పుడే రెండు పనులు చేసేయండి. మొత్తం పుస్తకాన్ని ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసి పెట్టండి. పేజీ రూపం భద్రంగా ఉంటుంది. రెండోది, మేటర్‌ని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి, సాదా టెక్స్ట్‌గా దాచండి. ఇక అది ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకుంటుంది. వెతకడానికి కూడా వీలవుతుంది.


అక్షరాల_అంగడి
గుంటూరు | మంగళవారం రాత్రి 11:20

ఆపిల్ పద్ధతి వచ్చింది తమ్ముడూ! మొదట శుభలేఖ మేటర్ కొట్టి చూశాను. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" మూడూ తప్పు లేకుండా పడ్డాయి. "ఘ్న" కూడా సరిగ్గా వచ్చింది. ఒకటి రెండు గుర్తులు మా అను పద్ధతికి తేడాగా ఉన్నాయి, అవి రాసి పెట్టుకుంటున్నాను.

షాపులో ప్రధాన కంప్యూటర్ మార్చను. కస్టమర్ల ఫైళ్లు దాని మీదే నడవాలి. దాన్ని నెట్‌కి కలపకుండా విడిగా ఉంచేస్తాను. మెయిళ్లు, వాట్సాప్, ప్రూఫ్‌లు పంపడం అన్నీ మింట్ పెట్టిన పాత కంప్యూటర్ మీద. పీడీఎఫ్ పని రేపే మొదలుపెడతాను.


తెనాలి_టు_డాలస్
డాలస్ | బుధవారం ఉదయం 8:15

మా నాన్నగారు తెనాలిలో ఉంటారు, వయసు డెబ్బై నాలుగు. రోజూ పేపర్లు చదువుతారు, నాతో వీడియో కాల్ మాట్లాడతారు, భాగవతం పద్యాలు టైప్ చేసి బంధువులకి పంపుతారు. ఆయన డెస్క్‌టాప్ కూడా విండోస్ 11కి సరిపోలేదు. నేను పక్కన ఉంటే మింట్ పెట్టేవాణ్ని. ఇంత దూరం నుంచి, విండోస్ మొదలవక ముందే తెరవాల్సిన బయాస్ మెనూలోకి ఎలా వెళ్లాలో ఫోన్‌లో చెప్పి ఆయన్ని కంగారు పెట్టడం నాకు ఇష్టం లేదు.

అందుకని వేరే దారి తీసుకున్నాను, ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే పథకం ఉంది, ఈఎస్‌యూ అంటారు. 22హెచ్2 వెర్షన్ ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింక్ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఏనీడెస్క్‌తో నాన్నగారి తెర చూస్తూ పది నిమిషాల్లో పూర్తి చేశాను.

కానీ ఇది ఒక్క ఏడాది గడువే. సంక్రాంతికి ఇంటికి వస్తున్నాను. అప్పుడు పక్కన కూర్చుని మింట్ పెట్టి, రెండు వారాలు ఆయన వాడుతుంటే చూసి, అప్పుడు తిరిగి రావాలని అనుకుంటున్నాను. నాన్నగారు విండోస్‌తో వచ్చే ఫొనెటిక్ కీబోర్డుకి అలవాటుపడ్డారు. ఇంగ్లీషులో "అమ్మ" అని కొడితే తెలుగులో వచ్చే రకం. ఆయనకి మింట్‌లో ఏది సరిపోతుందో సూచించండి. పద్యాలు కాబట్టి అరసున్నా, బండి ఱ కూడా కావాలి. అవి లేకపోతే ఆయన ఒప్పుకోరు.


పలక_బలపం
కోనసీమ | బుధవారం రాత్రి 9:00

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. అరసున్నా అడిగారంటే నాకు ఎంతో ఆనందంగా ఉంది. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన 128 గళ్లలో అరసున్నా, బండి ఱ రెండూ ఉన్నాయి. కాబట్టి ఫాంట్‌లో కనిపిస్తాయి. నేను ఆర్‌టీఎస్ వాడను గానీ, లేఖినిలో పద్యాలు రాసే మిత్రుడు ఆ రెండూ అందులో రాస్తాడు. ఐబస్‌లో ఆర్‌టీఎస్ పెట్టి, మీరు వచ్చే ముందే ఒక పద్యం కొట్టి చూసుకోండి. ఏ కీ దేనికో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ పక్కన అంటించండి. మా పిల్లలకి నేను అలాగే చేశాను.


వరంగల్_వాకిలి
వరంగల్ | గురువారం ఉదయం 6:50

నిన్న రాత్రి పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే మింట్ పెట్టిన. ఇన్‌స్టాల్ సాఫీగా అయింది. తెల్లారి విండోస్‌లోకి వస్తే గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తున్నది, అసలు టైము ఆరు యాభై! సరి చేసి, మింట్‌లోకి పోయి, మళ్లీ విండోస్‌లోకి వస్తే మళ్లీ వెనక్కి పోయింది. నా వోచర్ల మీద తేదీ తప్పు పడితే ఏం కావాలె? బ్యాటరీ పోయిందంటరా?


నల్లమల_నీడ
కర్నూలు | గురువారం ఉదయం 7:30

బ్యాటరీ బాగానే ఉంది అన్నా. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు ఉంది చూడండి. మదర్‌బోర్డులో ఉండే గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ సమయం రాస్తుంది, తెర మీద చూపేటప్పుడు మన ఐదున్నర గంటలు కలుపుతుంది. విండోస్ అదే గడియారాన్ని మన సమయమే అనుకుని చదువుతుంది. అందుకే వెనకబడుతోంది. మింట్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో మదర్‌బోర్డు గడియారాన్ని స్థానిక సమయంలో ఉంచమని చెప్పాలి. ఒక్క లైను, మెసేజ్‌లో పంపాను. చేశాక విండోస్‌లో టైము ఒకసారి సింక్ చేయండి.

ఇంకోటి, విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు. అప్పుడు మింట్ నుంచి ఆ డ్రైవ్‌లోని ఫైళ్లు చూడగలరు గానీ రాయలేరు.


వేప_చెట్టు
అనంతపురం | గురువారం మధ్యాహ్నం 1:25

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11. మింట్ కూడా పెట్టాలని బయాస్‌లో ఏవో మార్చాను. ఇప్పుడు నీలం తెర మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేనెప్పుడూ అలాంటిది పెట్టుకోలేదు. మా చెల్లి పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి. చేతులు ఆడడం లేదు.


నల్లమల_నీడ
కర్నూలు | గురువారం మధ్యాహ్నం 1:31

అన్నా, ఏమీ ఫార్మాట్ చేయకండి. ఫొటోలు ఎక్కడికీ పోలేదు, తాళం పడింది అంతే. ల్యాప్‌టాప్ మొదట ఆన్ చేసినప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఇచ్చారో, ఫోన్‌లో ఆ అకౌంట్‌లోకి వెళ్లండి. డివైసెస్ దగ్గర మీ ల్యాప్‌టాప్ కింద రికవరీ కీ ఉంటుంది, 48 అంకెలు. అది కొట్టండి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా సెటప్ చేసే చాలా కంప్యూటర్లలో ఈ తాళం దానంతట అదే పడుతుంది. బయాస్‌లో సెక్యూర్ బూట్ లాంటి సెట్టింగులు మారిస్తే కీ అడుగుతుంది.


వేప_చెట్టు
అనంతపురం | గురువారం మధ్యాహ్నం 1:58

తెరుచుకుంది. ఫొటోలు ఉన్నాయి. తమ్ముడూ, నీ మేలు మర్చిపోను. ముందు ఫొటోలన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాను, తర్వాతే మింట్ సంగతి.


పలక_బలపం
కోనసీమ | ఆదివారం సాయంత్రం 5:40

వారం పూర్తయింది, మిగిలినవి చెబుతాను.

షిఫ్ట్ స్పేస్ పనిచేస్తోంది. "బస్‌లో", "ఫోన్‌కి", "క్లాస్‌రూమ్‌లో" అన్నీ విడివిడిగా నిలబడ్డాయి. పేపర్లకి మండలి ఫాంట్ ఎంచుకున్నాను. ముందు సైజు 13 పెడితే ఇంకా రెండు లైన్లు జారాయి, 12కి తగ్గిస్తే రెండు పేజీల్లో ఇమిడింది. పద్యం, ప్రశ్న ఒకే పేజీలో ఉన్నాయి. స్కూల్ ఆఫీసు కంప్యూటర్‌లో కూడా మండలి వేసి అదే ఫైలు తెరిచాను. ఒక్క లైను కదల్లేదు.

ప్రొజెక్టర్ కేబుల్ పెట్టగానే గుర్తుపట్టింది. ప్రింటర్ కూడా వచ్చింది. స్కానర్ మాత్రం ఇంకా రాలేదు, అదొక్కటే బాకీ.

శుక్రవారం తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వాళ్ల పేరు టైప్ చేయమన్నాను. ఇన్‌స్క్రిప్ట్ పటం గోడకి అంటించి ఉంది. ఎవరికీ ఇది వేరే సిస్టమ్ అని చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఒక అమ్మాయి "జ్యోత్స్న" అని కొట్టడానికి నాలుగు నిమిషాలు తీసుకుంది. "త్స్న" దగ్గర మూడుసార్లు చెరిపి, నాలుగోసారి త, పొల్లు, స, పొల్లు, న వరసలో కొట్టి, వత్తు కింద వత్తు పడగానే వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ పేజీ ప్రింట్ తీసి ఇచ్చాను.

నల్లమల తమ్ముడూ, స్కానర్ గురించి నీకు మోడల్ నంబర్ మెసేజ్ చేశాను. తీరిక దొరికినప్పుడు చూడు.


నల్లమల_నీడ
కర్నూలు | ఆదివారం సాయంత్రం 6:10

చూశాను సార్. అది ప్రింటర్, స్కానర్ కలిసిన మెషిన్. ముందు డాక్యుమెంట్ స్కానర్ యాప్ తెరిచి, మెషిన్ యూఎస్‌బీకి పెట్టి రిఫ్రెష్ నొక్కండి. కనిపించకపోతే రేపు సాయంత్రం క్లాసులయ్యాక ఫోన్ చేస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం.


అక్షరాల_అంగడి
గుంటూరు | ఆదివారం రాత్రి 10:35

పుస్తకం మొత్తం పీడీఎఫ్ అయిపోయింది. యూనికోడ్‌కి మార్చడం నూట నలభై పేజీల దాకా వచ్చింది. కన్వర్టర్ అంతా బాగానే చేస్తోంది గానీ, కొన్ని చోట్ల ఘ, ఝ తారుమారవుతున్నాయి, ప్రూఫ్ చూసుకోవాలి. మాస్టారూ, స్థల చరిత్ర కదా, పాత శాసనాల పాఠాలు చాలా ఉన్నాయి. ఆ పేజీలు ఒకసారి చదివి పెడతారా? వాళ్ల అమ్మాయికి ఉగాదికి ఇస్తానని చెప్పాను.


పలక_బలపం
కోనసీమ | ఆదివారం రాత్రి 10:50

తప్పకుండా చదువుతానమ్మా. శాసనాలున్న పేజీలు పీడీఎఫ్, యూనికోడ్ రెండూ పంపండి, పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.